పేరున్న ప్రొఫెసరా, కొత్త మేడమా? పీహెచ్‌డీ గైడ్ ఎంపిక గురించి

అమ్మా, నీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి చదివే మిగతావాళ్ల కోసం ముందు క్లుప్తంగా చెప్తాను. మీది పలమనేరు దగ్గర పల్లె. నాన్న టమాటా వేస్తారు, ఇంటి పక్కన పట్టుపురుగుల షెడ్డు ఉంది. తిరుపతిలో ఎమ్మెస్సీ బోటనీ పూర్తి చేశావు, పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా డబ్బిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వచ్చింది. శేషాచలం అడవుల్లో మొక్కల మీద పరిశోధన చేయాలని ఉంది. గైడ్‌గా ఇద్దరు కనిపిస్తున్నారు. ఒకరు బాగా పేరున్న ప్రొఫెసర్, రిటైర్మెంట్‌కు ఇంకా నాలుగేళ్లుంది. ఇంకొకరు అసిస్టెంట్ ప్రొఫెసర్ మేడమ్, ఆమె దగ్గర ఇప్పటికి ఒక్క స్కాలరే ఉన్నారు. హాస్టల్లో సీనియర్లూ, ఇంట్లో మేనమామా అందరూ పెద్దాయన దగ్గరే చేరమంటున్నారు. చివర్లో ఒక మాట రాశావు: "మా ఇంట్లో డిగ్రీ దాటినవాళ్లు లేరు. నాకు థీసిస్‌కే కాదు, జీవితానికీ దారి చూపేవాళ్లు కావాలి."

నేను తిరుపతిలోనే పరిశోధన చేసి, చాలా ఏళ్లు పాఠాలు చెప్పి, స్కాలర్లకు గైడ్‌గా ఉండి రిటైరైనదాన్ని. నా సబ్జెక్టు బోటనీ కాదు గానీ సైన్సే. నీకంటే చాలా పెద్దదాన్ని కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

నా సలహా ముందే చెప్తాను. కింద చెప్పిన విచారణ చేసుకున్నాక ఆమె విషయంలో అనుమానించాల్సింది ఏమీ కనబడకపోతే మేడమ్ దగ్గర చేరు. పెద్దాయన్ని మాత్రం వదులుకోకు. స్కాలర్ పనిని ఎప్పటికప్పుడు చూసి సలహా చెప్పే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఒకటుంటుంది, ఆయన్ని అందులోకి అడుగు. అన్నీ ఒకే మనిషిలో దొరకాలని చూడకు. నీ ప్రశ్నలో నన్ను కంగారు పెట్టింది ఆ ఇద్దరిలో ఎవరు అన్నది కాదు. థీసిస్ చూసేవాళ్లు, ఉద్యోగం చూపేవాళ్లు, ధైర్యం చెప్పేవాళ్లు, ఇంట్లో వాళ్లకు సర్ది చెప్పేవాళ్లు, అందరూ కలిసి ఒక్క గైడ్ రూపంలోనే రావాలని నువ్వు ఎదురుచూడటం. అలా వచ్చే మనిషి ఉండరు. ఉన్నారనుకుని చేరినవాళ్లు రెండో ఏడాదికే కుంగిపోవడం నేను చూశాను.

ముందు రూల్స్ సంగతి, ఎందుకంటే సగం జవాబు అక్కడే ఉంది. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 నవంబర్‌లో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మాత్రమే గైడ్‌గా ఉండొచ్చు. రిటైర్మెంట్‌కు మూడేళ్ల కంటే తక్కువ సర్వీసు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. మీ ప్రొఫెసర్‌గారికి నాలుగేళ్లుంది కాబట్టి ఈ రోజుకు రూల్ అడ్డురాదు. కానీ నువ్వు దరఖాస్తు పెట్టి, ఇంటర్వ్యూ అయి, సీటు అలాట్ అయ్యి, చేరే సరికి ఎంత మిగులుతుందో లెక్క వేసుకో. ఆపైన మొదట కోర్సు వర్క్, అంటే పరిశోధనకు ముందు చదవాల్సిన పాఠాలు. తర్వాత అటవీ శాఖ అనుమతులు. ఎర్రచందనం స్మగ్లింగ్ వల్ల శేషాచలంలోకి వెళ్లాలంటే కాగితాలు అంత తేలిగ్గా కదలవు. చాలా మొక్కలు ఏడాదికి ఒకసారే పూస్తాయి. ఆ పూతకాలం తప్పిపోతే మళ్లీ ఏడాది ఆగాల్సిందే. ఫీల్డ్ వర్క్ ఉన్న థీసిస్ నాలుగేళ్లలో తెమిలితే సంతోషించాలి. నువ్వు చివరి చాప్టర్లు రాసే సమయానికి ఆయన రిటైరైపోతారు. ఆ తర్వాత ఆయన కో-సూపర్‌వైజర్‌గా ఉండటానికి వీలుంది, అదీ డెబ్బై ఏళ్లు వచ్చేవరకే. అసలు గైడ్‌గా వేరొకరిని పెడతారు. వాళ్లకు నీ టాపిక్ మీద ఆసక్తి ఉందో లేదో ఎవరు చెప్పగలరు?

ఇంకో సంగతి. పర్మనెంట్ ఫ్యాకల్టీ మాత్రమే గైడ్‌గా ఉండగలరు. మన యూనివర్సిటీల్లో పర్మనెంట్ కాకుండా అకడమిక్ కన్సల్టెంట్లుగా ఏళ్ల తరబడి పాఠాలు చెప్తున్నవాళ్లలో చాలా మంచి టీచర్లు ఉన్నారు. వాళ్లు నీకు ఎంతైనా నేర్పగలరు గానీ థీసిస్ మీద గైడ్‌గా సంతకం పెట్టలేరు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కైతే పీహెచ్‌డీతో పాటు పీర్ రివ్యూ ఉన్న (అంటే అదే రంగం నిపుణులు చూశాకే అచ్చువేసే) జర్నల్స్‌లో కనీసం మూడు పేపర్లు ఉండాలి. మేడమ్ విషయంలో ఈ రెండూ డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడిగి తెలుసుకో. అడగడంలో మొహమాటం వద్దు, ఇది నీ నాలుగైదేళ్ల జీవితం.

ఇక విచారణ. "ఆ సార్ మంచివారా?" అని మాత్రం ఎవరినీ అడగకు. మంచివారే అంటారు. ఎదురుగా ఉన్న మనిషి ఎవరో, నువ్వు ఎవరికి చెప్తావో వాళ్లకు తెలియదు కదా. ముందు ఎవరినీ అడగకుండా తెలుసుకోగలిగినవి తెలుసుకో. యూజీసీకి చెందిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో గైడ్ పేరుతో వెతికితే ఆ గైడ్ కింద వచ్చిన థీసిస్‌లు కనిపిస్తాయి. రెండు మూడు తెరిచి చదువు. మొత్తం అక్కర్లేదు. పద్ధతులు రాసిన చాప్టరూ, ముగింపు చాప్టరూ చూడు. ఒక థీసిస్‌కూ ఇంకో థీసిస్‌కూ మధ్య ఆలోచన మారిందా, లేక మొక్క పేరు మాత్రం మార్చి అదే పని మళ్లీ చేయించారా? ఎమ్మెస్సీ చదివిన నీకు అది ఇట్టే తెలిసిపోతుంది. తర్వాత ఆ స్కాలర్ల పేపర్లు వెతుకు. పని చేసిన పిల్ల పేరు మొదట ఉందా, ఎక్కడో చివర్లో ఉందా? మొదటి పేరు స్కాలర్‌దే ఉండటం అలవాటుగా ఉన్న గైడ్‌ను నేను సగం నమ్మేస్తాను.

మేడమ్ దగ్గర పూర్తయిన థీసిస్ ఏదీ లేదు కాబట్టి అక్కడ ఆమె సొంత థీసిస్ చదవాలి, ఆమె గైడ్ ఎవరో చూడాలి. మనుషులు తమను ఎలా తయారు చేశారో చాలావరకు అలాగే ఇంకొకరిని తయారు చేస్తారు. ఆమె తన గైడ్ గురించి ఎలా మాట్లాడతారో విను. గౌరవంగా, కానీ కొన్ని విషయాల్లో తాను ఎక్కడ వేరుగా ఆలోచిస్తుందో కూడా చెప్పగలిగితే మంచి గుర్తు.

ఆ తర్వాత మనుషులు. ముగ్గురిని వెతికి పట్టుకో. ఇప్పుడు మూడో ఏడాదో నాలుగో ఏడాదో చదువుతున్న స్కాలర్ ఒకరు. డిగ్రీ తీసుకుని వెళ్లిపోయినవాళ్లు ఒకరు. మధ్యలో మానేసినవాళ్లు ఒకరు. మొదటి ఇద్దరూ తేలిగ్గా దొరుకుతారు. మూడో మనిషి కోసం కాస్త కష్టపడాలి, ఎందుకంటే వాళ్ల పేరు ఏ బోర్డు మీదా ఉండదు. కానీ వాళ్లతో పావుగంట మాట్లాడితే వచ్చే సమాచారం ఇంకెక్కడా రాదు. మానేసినవాళ్లందరూ గైడ్ వల్లే మానేయలేదు. పెళ్లయి వెళ్లినవాళ్లుంటారు, గ్రూప్స్ కొట్టి వెళ్లినవాళ్లుంటారు. వెళ్లేటప్పుడు గైడ్ ఎలా పంపించారన్నది చూడు. తెచ్చిన డేటా ఏమైంది, కాగితాలు టైముకు ఇచ్చారా, తర్వాత ఎప్పుడైనా ఫోన్ ఎత్తారా?

వాళ్లను ల్యాబ్‌లో కాదు, యూనివర్సిటీ గేటు దగ్గర టీ తాగేటప్పుడు అడుగు. అభిప్రాయం అడగకు, జరిగింది అడుగు. "అక్కా, మీరు చాప్టర్ ఇచ్చాక ఎన్ని రోజులకు తిరిగొచ్చింది? దాని మీద ఏం రాసిచ్చారు?" ఈ ఒక్క ప్రశ్న చాలు. రెండు వారాల్లో పేజీ పేజీకీ గీతలు పెట్టి తిరిగిచ్చే గైడ్ మాట కాస్త కటువుగా ఉన్నా ఫర్వాలేదు. ఆర్నెల్ల తర్వాత "బాగుంది, ప్రొసీడ్" అని చిరునవ్వుతో ఇచ్చే గైడ్ ఎంత మంచి మనిషైనా నీకు ఉపయోగం లేదు. కొత్తగా చేరిన పిల్లలు సాధారణంగా దీన్ని తలకిందులుగా చూస్తారు. తిట్టే వాళ్లంటే భయపడతారు, చదవనివాళ్లను దేవుడంటారు.

రెండో ప్రశ్న: "ప్రయోగం ఫెయిలైనప్పుడు సార్ ఏం చేశారు?" దీనికి మన జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉంది. 2022లో జిల్లాల విభజన తర్వాత శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. 1979 ఆగస్టు 10న అక్కడి నుంచి ఎగిరిన మొదటి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ఆ ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. విలేకరుల ముందు కూర్చుని ఆ వైఫల్యానికి బాధ్యత తన మీద వేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్. 1980 జూలై 18న రెండో ప్రయోగం గెలిచినప్పుడు ప్రెస్ ముందుకు కలాంను పంపించారు. కలాం ఈ సంగతి జీవితాంతం చెప్తూనే ఉన్నారు. అందరూ ఇది ధావన్ గొప్పతనంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇందులో ఇంకో విషయం ముఖ్యం. ధావన్ ఆ రోజు నింద మోశారు గానీ, ఎక్కడ తప్పు జరిగిందో వెతికే పని కలాం బృందం నుంచి లాగేసుకోలేదు. వాళ్లచేతే మళ్లీ చేయించారు. నింద తన మీద వేసుకోవడం, పని మాత్రం నీ చేతిలోనే ఉంచడం, ఈ రెండూ చేసే గైడ్ కావాలి. మీ డిపార్ట్‌మెంట్‌లో ఇది చిన్న స్థాయిలో కనబడుతుంది. సెమినార్‌లో స్కాలర్ తడబడితే గైడ్ ఏం చేస్తారు? నలుగురిలో విసుక్కుంటారా, తానే లేచి మొత్తం చెప్పేస్తారా, లేక "ఆ గ్రాఫ్ మళ్లీ చూపించమ్మా" అని నిలదొక్కుకునే టైమ్ ఇస్తారా? డిపార్ట్‌మెంట్ సెమినార్లకు వెళ్లి వెనక బెంచీలో కూర్చో, ఎవరూ వద్దనరు.

ఆడపిల్లవి కాబట్టి ఇది విడిగా చెప్పాలి. పని ల్యాబ్‌లో, డిపార్ట్‌మెంట్ టైములో జరగాలి. ఇంటికి రమ్మనడం, రాత్రి పూట అనవసరమైన ఫోన్లు, మెసేజ్‌లు, "నా దగ్గర స్కాలరంటే ఇంటి మనిషే" అంటూ ఇంటి పనులు చెప్పడం, వీటిలో ఏది విన్నా ఆ పేరు నీ లిస్టులోంచి తీసేయ్. ఎంత పేరున్నా సరే. చేరాక ఇలాంటిది ఎదురైతే లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే ఇంటర్నల్ కమిటీ ప్రతి యూనివర్సిటీలో ఉండాలని 2013 చట్టమూ, 2015 యూజీసీ నిబంధనలూ చెప్తున్నాయి. అందులో ఎవరున్నారో చేరిన మొదటి వారమే తెలుసుకుని పెట్టుకో. అవసరం పడకపోతే మంచిదే.

నీ అసలు ప్రశ్నకు వస్తాను, జీవితానికి దారి చూపేవాళ్ల సంగతి. బోస్టన్ యూనివర్సిటీలో పనిచేసిన కాథీ క్రామ్ 1980లలో ఉద్యోగుల మీద పరిశోధన చేసి, మెంటార్ ఇచ్చే సాయం రెండు రకాలని చెప్పారు. ఒకటి వృత్తికి సంబంధించింది: పని నేర్పడం, సవాలుగా ఉండే పని అప్పగించడం, నలుగురికి పరిచయం చేయడం, ఎవరైనా దెబ్బకొట్టబోతే అడ్డుపడటం. రెండోది మనసుకు సంబంధించింది: నిన్ను నిన్నుగా ఒప్పుకోవడం, ఆదర్శంగా కనబడటం, బాధ చెప్పుకోగలిగే స్నేహం. తర్వాత 2001లో మోనికా హిగ్గిన్స్‌తో కలిసి ఆమె ఇంకో మెట్టు ముందుకెళ్లారు. ఈ సాయాలన్నీ ఒక్క మెంటార్ నుంచి కాకుండా కొందరు మనుషుల గుంపు నుంచి వస్తాయని, దాన్ని ఆ కోణంలోనే చూడాలని వాదించారు. నా అనుభవం కూడా అచ్చంగా ఇదే చెప్తుంది. మనకు గురువంటే ఒక్కరే అనే భావన బలంగా ఉంది, దాన్ని నేను కాదనను. కానీ మన పక్క మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని చూడు. ప్రపంచ గురువుగా ఆయన కోసం కట్టిన పెద్ద సంస్థను 1929లో ఆయనే రద్దు చేసి, ఎవరికీ గురువుగా ఉండనన్నారు. అంత దూరం వెళ్లాల్సిన పని లేదు గానీ, మొత్తం బతుకు ఒకరి చేతిలో పెట్టకూడదన్నంతవరకు ఆ మాట నీకూ పనికొస్తుంది.

తిరుపతిలో ఉన్నందుకు నువ్వు అదృష్టవంతురాలివి. ఇంత చిన్న ఊరు చుట్టూ ఇన్ని చదువుల చోట్లు ఎక్కడున్నాయి? 1954 నుంచి ఎస్వీ యూనివర్సిటీ ఉంది. 1983లో మహిళా యూనివర్సిటీ వచ్చింది. సంస్కృత విశ్వవిద్యాలయం, వెటర్నరీ యూనివర్సిటీ, వైద్య సంస్థ స్విమ్స్ ఉన్నాయి. 2015లో ఐఐటీ, సైన్స్ చదువుల సంస్థ ఐసర్ వచ్చాయి. గాదంకిలో వాతావరణ పరిశోధన చేసే ఎన్‌ఏఆర్‌ఎల్ ఉంది. వీటిలో బయటివాళ్లను రానిచ్చే సెమినార్లకు వెళ్తూ ఉండు. నీ సబ్జెక్టే కానక్కర్లేదు. డేటా ఎలా చూడాలో, స్టాటిస్టిక్స్ లెక్కలకు పనికొచ్చే ఆర్ సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో నీకు నేర్పే మనిషి ఐసర్‌లో పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడో, అమ్మాయో కావచ్చు. నీకంటే రెండేళ్లు ముందున్నవాళ్ల దగ్గర దొరికే సలహా చాలాసార్లు ప్రొఫెసర్ల దగ్గర కూడా దొరకదు. ఎందుకంటే ఏ ఆఫీసులో ఏ ఫారం ఆగిపోతుందో వాళ్లకు నిన్న మొన్నటి అనుభవం.

అడవి గురించి నేర్పేవాళ్లు వేరే. శేషాచలం 2010లో బయోస్ఫియర్ రిజర్వ్, అంటే జీవవైవిధ్యం కోసం కాపాడే ప్రాంతం అయింది. అటవీ శాఖలో ఏళ్ల తరబడి ఆ కొండల్లో తిరిగిన బీట్ సిబ్బందికి, మొక్కలు గుర్తుపట్టే యానాది గిరిజనులకు తెలిసిన విషయాలు ఎండిన మొక్కల నమూనాలు దాచే ఏ హెర్బేరియంలోనూ లేవు. వాళ్ల దగ్గర నేర్చుకున్నది థీసిస్‌లో వాళ్ల సాయంగానే రాయాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, పరిశోధన నియమం కూడా.

ఇంట్లో వాళ్లతో మాట్లాడటానికి, పెళ్లి ఒత్తిడి వచ్చినప్పుడు నిలబడటానికి ఇంకో మనిషి కావాలి. మీ వైపు పల్లెల నుంచి వచ్చి ఉద్యోగం చేస్తున్న ఆడవాళ్లు, ఒక టీచరో, బ్యాంకు ఉద్యోగో, తప్పకుండా ఉంటారు. పీహెచ్‌డీ ఏమిటో వాళ్లకు తెలియకపోవచ్చు. మీ నాన్నతో మీ భాషలో ఎలా మాట్లాడాలో తెలుసు. ఒకవేళ మధ్యలో పెళ్లయి వేరే ఊరికి వెళ్లాల్సి వచ్చినా, నీ పరిశోధన డేటాతో సహా అక్కడి యూనివర్సిటీకి మారే వీలు 2022 నిబంధనల్లో ఉంది. ఆడవాళ్లకు ఆరేళ్ల గడువు మీద అదనంగా రెండేళ్లు, బిడ్డ పుడితే 240 రోజుల వరకు సెలవు ఉన్నాయి. ఈ సంగతులు ఇంట్లో ముందే చెప్పు, చాలా టెన్షన్ తగ్గుతుంది.

వీళ్లెవరి దగ్గరికీ వెళ్లి "మీరు నాకు మెంటార్‌గా ఉండండి" అనకు. ఎవరైనా భయపడతారు. చిన్న పని అడుగు. "ఈ ఒక్క పేజీ చదివి ఎక్కడ అర్థం కాలేదో గీత పెట్టిస్తారా?" చెప్పింది చేసి, నెలలోపు వెళ్లి ఏమైందో చెప్పు. అది చాలామంది చేయరు, అందుకే చేసినవాళ్లు గుర్తుంటారు. రెండు మూడుసార్లు ఇలా జరిగితే ఆ బంధం దానంతట అదే నిలబడుతుంది. నీ మాట వినడానికి ముందే జవాబు చెప్పేసేవాళ్లు, ప్రతి సలహా వెనకా తమకు లాభం ఉన్నవాళ్లు, వేరేవాళ్లను అడిగావని తెలిస్తే నొచ్చుకునేవాళ్లు నీకు పనికిరారు. ఇన్‌స్టాలో డబ్బు తీసుకుని "పీహెచ్‌డీ మెంటార్‌షిప్" అమ్మేవాళ్ల గురించి కూడా అడిగావు. థీసిస్ రాసిస్తామనో, పేపర్ వేయిస్తామనో చెప్తే అది మోసం. అందులో చిక్కుకుంటే నీ డిగ్రీయే పోతుంది. స్టాటిస్టిక్స్ లాంటి ఒక నైపుణ్యం నేర్పే కోర్సైతే వేరే సంగతి, అది ఫీజు కట్టి నేర్చుకోవచ్చు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. జేఆర్‌ఎఫ్ అవార్డు లెటర్‌లో చేరడానికి గడువు తేదీ ఉంటుంది, ముందు అది చూసుకో. దాన్ని బట్టి ఎంత తీరిగ్గా విచారించొచ్చో తెలుస్తుంది. 2023 జనవరి నుంచి ఉన్న రేటు ప్రకారం ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఆ తర్వాత సీనియర్ ఫెలోగా (ఎస్‌ఆర్‌ఎఫ్) 42 వేలు. ఎస్‌ఆర్‌ఎఫ్‌కు మారేటప్పుడు కమిటీ నీ పనిని చూసి తేల్చాలి, కాబట్టి మొదటి రెండేళ్లు నీ పేజీలు చదివే గైడ్ ఉండటం డబ్బు విషయంలో కూడా ముఖ్యమని మీ మేనమామకు చెప్పు.

మేడమ్‌ను కలవడానికి వెళ్లేటప్పుడు రెండు పేజీలు రాసుకెళ్లు. ఏ మొక్కల మీద, ఏ ప్రశ్న, ఎందుకు. ఇంగ్లీషు తప్పులుంటాయని ఆగకు. ఆమె ఆ రెండు పేజీలు నీ ముందే చదివి ప్రశ్నలు వేస్తే, వాటిలో కనీసం ఒకటి నువ్వు ఊహించనిదైతే, ఆమె పేరు ఖాయం చేసుకో. అలాట్‌మెంట్ డిపార్ట్‌మెంట్ చేతిలో ఉంటుంది కాబట్టి ఇంటర్వ్యూలో నీ ఇష్టం స్పష్టంగా చెప్పాలి. ప్రొఫెసర్‌గారి దగ్గరికి కూడా అవే రెండు పేజీలు తీసుకెళ్లు. ఆయన రిటైర్మెంట్ మాట ఎత్తకుండా, "మేడమ్ దగ్గర చేరాలనుకుంటున్నాను సార్, కమిటీలో మీరుంటే బాగుంటుంది, ప్రతి సెమిస్టర్ ప్రజెంటేషన్‌కు మీ సలహా కావాలి" అని నేరుగా అడుగు. పెద్ద మనసున్నవారైతే సంతోషిస్తారు. నొచ్చుకుంటే ఆయన కింద నాలుగేళ్లు ఎలా ఉండేదో నీకు ముందే తెలిసినట్టు. ఆ ఇద్దరినీ కలిశాక ఏమైందో ఇక్కడ రాయి, కమిటీకి రాసే లెటర్ ఎలా ఉండాలో చెప్తాను.